లిస్బన్‌కి రాసిచ్చిన మాట: అబూ సలేంకి 25 ఏళ్లే ఎందుకు?

అబూ సలేం పేరు వార్తల్లోకి వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు, 1993 మార్చి 12న బొంబాయిలో 257 మంది ప్రాణాలు తీసిన పేలుళ్ల కేసులో దోషిగా తేలిన మనిషిని 25 ఏళ్లకే ఎలా వదిలేస్తారని. న్యాయమైన ప్రశ్నే. ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు అడిగితే ఎవరికీ నోరు పెగలదు. కానీ జవాబు కావాలంటే పోర్చుగల్ రాజ్యాంగం దాకా వెళ్లాలి, దారిలో మన కర్నూలు కూడా తగులుతుంది.

పేలుళ్ల తర్వాత సలేం దేశం దాటిపోయాడు. ఆ తర్వాత కర్నూలు అడ్రసుతో, తప్పుడు పేర్లతో, తనకీ తన వెంట ఉన్న సినీనటికీ పాస్‌పోర్టులు సంపాదించాడు. 2002 సెప్టెంబరులో ఇద్దరూ పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో దొరికారు. కర్నూలు పాస్‌పోర్టు కేసులో 2013 నవంబరులో హైదరాబాద్ సీబీఐ కోర్టు అతనికి 7 ఏళ్ల శిక్ష వేసింది.

దొరికాడు కదా, విమానం ఎక్కించి తీసుకొచ్చేస్తే సరిపోయేది అనిపిస్తుంది. అప్పటికి రెండు దేశాల మధ్య నేరస్తుల అప్పగింత ఒప్పందమే లేదు, అది 2007లో గానీ కుదరలేదు. పైగా పోర్చుగల్ సాధారణ నేరాలకు ఉరిశిక్షను 1867లోనే ఎత్తేసిన దేశం. అక్కడ యావజ్జీవం కూడా లేదు, ఎంత ఘోరానికైనా గరిష్ఠం 25 ఏళ్లే. ఉరి పడే నేరానికి మనిషిని అప్పగించకూడదని, యావజ్జీవం పడే చోటికి పంపాలంటే అది వేయబోమన్న హామీ ఉండాలని వాళ్ల రాజ్యాంగమే చెబుతుంది. అందుకే 2002 డిసెంబరులో అప్పటి ఉప ప్రధాని ఎల్.కె. ఆడ్వాణీ పేరుతో ఢిల్లీ నుంచి రాతపూర్వక హామీ వెళ్లింది: ఉరి వేయం, 25 ఏళ్లకు మించి జైల్లో ఉంచం. ఆ కాగితం చూసుకుని, అక్కడి కోర్టులన్నీ దాటాక, 2005 నవంబరులో సలేంని మనకి పంపారు.

ఇది పోర్చుగల్ ఒక్కదాని పట్టుదల అనుకోకండి. ఉరి పడే కేసులో అది అమలు చేయబోమన్న హామీ లేకపోతే అప్పగించనక్కర్లేదని 1957 నాటి యూరప్ అప్పగింత ఒప్పందంలోనే ఉంది. అసలు మలుపు 1989లో వచ్చింది. అమెరికాలోని వర్జీనియాలో జంట హత్యల కేసులో ఉన్న ఒక జర్మన్ యువకుడిని బ్రిటన్ పంపబోతే, మరణశిక్ష కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే ఆ గదుల్లోకి తోయడమే అమానుషమని స్ట్రాస్‌బర్గ్‌లోని యూరప్ మానవ హక్కుల కోర్టు అంది. అంటే అక్కడ జరగబోయే దానికి పంపేవాడు కూడా బాధ్యుడే. తమలో తాము కూడా యూరప్ దేశాలవాళ్లు ఇదే పట్టింపు పెట్టుకున్నారు. 2004 నుంచి యూరోపియన్ యూనియన్ దేశాల మధ్య ప్రభుత్వాల ప్రమేయం లేకుండా కోర్టు నుంచి కోర్టుకి వారంటు నడుస్తోంది, అయినా హంగరీ, రుమేనియా జైళ్ల పరిస్థితి చూసి 2016లో లక్సెంబర్గ్‌లోని ఆ యూనియన్ కోర్టు, మనిషిని అమానుషంగా ఉంచే ముప్పు ఉంటే అది తీరేదాకా అప్పగింత ఆపాలని చెప్పింది.

సలేం విషయంలో మనం ఒకచోట తడబడ్డాం, అది దాచడం ఎందుకు. ఏ నేరాలు చూపించి మనిషిని తెచ్చుకున్నామో వాటి మీదే విచారించాలి, మన 1962 అప్పగింత చట్టం 21వ సెక్షన్ చెప్పేదీ దాదాపు ఇదే. ఇక్కడికి వచ్చాక అదనపు అభియోగాలు మోపితే, మాట తప్పారని 2011లో లిస్బన్ కోర్టు అప్పగింతనే రద్దు చేసింది. చివరికి 2013లో సుప్రీంకోర్టు అనుమతితో సీబీఐ కొన్ని అభియోగాలను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

2017లో ముంబైలో ఉగ్రవాద కేసులు చూసే టాడా కోర్టు యావజ్జీవం వేసింది. మరి ఆడ్వాణీ హామీ ఏమైనట్టు? అది 2030లో చూసుకోవాల్సిన సంగతి, ఇప్పుడే ఎందుకని కేంద్రం చెప్పబోతే సుప్రీంకోర్టు ఊరుకోలేదు. 25 ఏళ్లు నిండగానే విడుదలకు రాష్ట్రపతికి సలహా ఇవ్వాల్సిందేనని 2022 జులై 11న తేల్చింది. నా మటుకు అది సరైన తీర్పే, ఎందుకంటే ఆ కాగితం లేకపోతే సలేం ఇక్కడ బోనులో నిలబడేవాడే కాదు.

మాట ఇచ్చినా రాని కేసు ఉంది మరి. 1995 డిసెంబరు 17 రాత్రి పశ్చిమ బెంగాల్‌లోని పురూలియాలో విమానం నుంచి తుపాకులు జారవిడిచిన కేసులో కిమ్ డేవీ అనే డెన్మార్క్ పౌరుడి కోసం మనం ఎప్పటినుంచో అడుగుతున్నాం. ఉరి వేయబోమని చెప్పాం. 2010లో అక్కడి ప్రభుత్వం సరేనంది, కోర్టులు ఒప్పుకోలేదు. ఇక్కడ చిత్రహింసలు పెడతారన్న భయమే కారణం. 2024 ఆగస్టులో మళ్లీ అదే జవాబు. విజయ్ మాల్యా కేసులోనైతే లండన్ జడ్జి ముంబై ఆర్థర్ రోడ్ జైల్లో 12వ బ్యారక్ వీడియో తెప్పించుకుని చూశాకే 2018లో అప్పగింతకు ఆదేశించారు. గదిలో వెలుతురు వస్తుందా లేదా అన్నది కూడా అక్కడ వాదనే.

సలేం గడువు లెక్క, మనకి పంపడానికి నెల ముందు, 2005 అక్టోబరు 12 నుంచే మొదలవుతుంది. అంతకుముందు పోర్చుగల్ జైల్లో గడిపిన రోజులు కూడా కలపమని అడిగాడు గానీ, అది అక్కడి కేసులో పడిన శిక్ష కాబట్టి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు.