‘యాక్సెప్ట్ ఆల్’ బటన్ వెనక ముప్పై ఏళ్ల కథ

ఏ వెబ్‌సైట్ తెరిచినా కుకీలకు ఒప్పుకుంటారా అని ఒక డబ్బా అడ్డం వస్తుంది. అందులో రాసింది చదివే ఓపిక ఎవరికీ ఉండదు, ‘యాక్సెప్ట్ ఆల్’ నొక్కేసి పనిలో పడతాం. ఈ తలనొప్పిని యూరప్ చట్టాల ఖాతాలో వేసేయడం మామూలైపోయింది. కానీ దీని వేర్లు బ్రౌజరూ సర్వరూ మాట్లాడుకునే పద్ధతి అయిన హెచ్‌టీటీపీ పుట్టుకలోనే ఉన్నాయి.

జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనా కేంద్రంలో టిమ్ బెర్నర్స్-లీ 1990 ప్రాంతంలో తయారుచేసిన తొలి హెచ్‌టీటీపీ చాలా చిన్నది. బ్రౌజర్ ఒకే ఒక్క లైను పంపేది: ‘గెట్’, పక్కన పేజీ చిరునామా. సర్వర్ ఆ పేజీ ఇచ్చేసి కనెక్షన్ తెంచేసేది. పేజీ దొరకలేదని చెప్పే 404 లాంటి నంబర్లు కూడా అప్పటికి లేవు. క్షణం క్రితం వచ్చింది కూడా ఇదే బ్రౌజర్ అన్న సంగతి సర్వర్‌కు గుర్తుండేది కాదు. శాస్త్రవేత్తలు పత్రాలు చూసుకోవడానికి అంతకంటే అక్కర్లేదు కూడా.

వ్యాపారం వచ్చాక చిక్కు మొదలైంది. 1994లో అమెరికన్ టెలికాం కంపెనీ ఎంసీఐ ఆన్‌లైన్ అమ్మకాల కోసం బ్రౌజర్ కంపెనీ నెట్‌స్కేప్‌తో కలిసి పనిచేస్తోంది. బుట్టలో ఎవరేం వేసుకున్నారో తన సర్వర్లలో దాచుకోవడం ఎంసీఐకి ఇష్టం లేదు. నెట్‌స్కేప్ ఇంజినీరు లూ మాంటుల్లి ఒక ఉపాయం చేశాడు. కొట్టువాడు ఖాతా పుస్తకం పెట్టకుండా, లెక్క చీటీని కొనేవాడి జేబులోనే పెట్టి పంపడం లాంటిది అది. సర్వర్ జవాబుతో పాటు ‘సెట్-కుకీ: ఐడీ=8841’ అని ఒక లైను వస్తుంది; ఆ చీటీయే కుకీ. బ్రౌజర్ దాన్ని దాచుకుని, ఆ సర్వర్‌ను ఏది అడిగినా ‘కుకీ: ఐడీ=8841’ అని జతచేస్తుంది. ఒకసారి లాగిన్ అయితే పేజీ పేజీకీ పాస్‌వర్డ్ అడగకపోవడం దీని చలవే. టికెట్ బుక్ చేస్తూ సరిగ్గా డబ్బు కట్టే వేళకి ‘సెషన్ ఎక్స్‌పైర్డ్’ అని వచ్చి టెన్షన్ పెడుతుందే, ఆ నంబర్‌కు సర్వర్ పెట్టిన గడువు తీరిందన్నమాట.

ఒక సైట్ కుకీని ఇంకో సైట్ చదవలేదు. అంతవరకు జాగ్రత్తగానే కట్టారు. అయితే పేజీలోని బొమ్మలు వేరే సర్వర్ నుంచి రావచ్చు, ఆ సర్వర్ కూడా తన కుకీ పెట్టొచ్చు. వార్తల సైట్‌లోనూ చెప్పుల దుకాణంలోనూ ఒకే ప్రకటనల కంపెనీ బొమ్మ ఉంటే, రెండు చోట్ల నుంచీ ఒకే నంబర్ దానికి చేరుతుంది. ఏ పేజీ నుంచి వచ్చిందో చెప్పే ‘రెఫరర్’ లైను కూడా సాధారణంగా వెంట వెళ్లేది. 1990ల మధ్యలో పుట్టిన డబుల్‌క్లిక్ లాంటి కంపెనీలు ఎదిగింది ఈ సందులోంచే. డబుల్‌క్లిక్‌ను తర్వాత గూగుల్ 310 కోట్ల డాలర్లకు కొనుక్కుంది.

ఇది ముందే ఎవరికీ తట్టలేదని కాదు. 1997 ఫిబ్రవరిలో డేవిడ్ క్రిస్టల్, మాంటుల్లి కలిసి రాసిన ఆర్‌ఎఫ్‌సీ 2109 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఇలాంటి థర్డ్ పార్టీ కుకీలను బ్రౌజర్లు డిఫాల్ట్‌గా, అంటే మనం సెట్టింగ్ మార్చకుండానే, అనుమతించకూడదని తేల్చి చెప్పింది. నెట్‌స్కేప్, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ రెండూ ఆ మాట పెడచెవిన పెట్టాయి. నా లెక్కలో అసలు తప్పు జరిగింది ఇక్కడే, కుకీ కనిపెట్టినప్పుడు కాదు.

బ్రౌజర్ వదిలేసిన పని చట్టాల మీద పడింది. యూరప్ ఆన్‌లైన్ గోప్యతపై 2002లో తెచ్చిన ఆదేశాన్ని 2009లో సవరించి ముందస్తు సమ్మతి తప్పనిసరి చేసింది. 2018లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ అమల్లోకి వచ్చింది. ముందే టిక్ పెట్టిన గడి సమ్మతి కిందికి రాదని 2019లో యూరప్ న్యాయస్థానం తేల్చింది. దాంతో సైట్లు డబ్బాలు పెట్టాయి, ‘ఒప్పుకోను’ బటన్‌ను వీలైనంత మూలకు తోశాయి. బ్రౌజర్లోనే ఒకసారి చెప్పేస్తే సరిపోయేలా ‘డు నాట్ ట్రాక్’ అనే లైను కూడా తెచ్చారు గానీ, చాలా సైట్లు దాన్ని పట్టించుకోలేదు.

ఆపిల్ బ్రౌజర్ సఫారీ 2020లో థర్డ్ పార్టీ కుకీలను పూర్తిగా ఆపేసింది. అదే ఏడాది గూగుల్ కూడా రెండేళ్లలో క్రోమ్‌లో తీసేస్తామంది, వాయిదాలు వేసుకుంటూ పోయి 2024లో మానుకుంది. ప్రకటనల మీద బతికే కంపెనీ అంతకంటే ఏం చేస్తుంది!

మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమ్మతి అడిగే నోటీసును ఇంగ్లిష్‌లో గానీ, ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలు ఉండాలంటోంది. అందులో తెలుగూ ఉంది. బ్రౌజర్ డిఫాల్ట్ ఎలా ఉండాలన్న సంగతి మాత్రం ఈ చట్టమూ ముట్టుకోలేదు.