ఆవు లెక్క మేకకు కుదరదు

అమెరికాలో పాడి మేకల పెంపకానికి విస్కాన్సిన్ రాష్ట్రం పెట్టింది పేరు. అక్కడి మేకలు ఎక్కువగా వసంతంలో ఈనుతాయి, చలికాలం దగ్గరపడేసరికి ఒట్టిపోయే దశకు వస్తాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే రైతులకు టెన్షన్ మొదలవుతుంది. పొదుగులు మెత్తగానే ఉంటాయి, పాలలో పెచ్చులు కనపడవు, మేత కూడా తగ్గదు. అయినా ట్యాంకు పాల రిపోర్టు చూస్తే కణాల సంఖ్య ఎక్కడికో పోతుంది.

ఈ కణాల లెక్కనే సోమాటిక్ సెల్ కౌంట్ అంటారు. పాలలో తెల్లరక్తకణాలు, పొదుగు లోపలి పొర నుంచి రాలిన కణాలు ఎప్పుడూ కొన్ని ఉంటాయి. చనుమొన రంధ్రం గుండా బాక్టీరియా లోపలికి దూరితే, దాన్ని చంపడానికి తెల్లరక్తకణాలు పోటెత్తుతాయి. ఆరోగ్యంగా ఉన్న ఆవు పాలలో మిల్లీలీటరుకు ఇవి సాధారణంగా 2 లక్షల లోపే ఉంటాయి. అంతకు మించితే పొదుగువాపు ఉందేమోనని అనుమానిస్తారు. ఆవు పాలకు ఐరోపాలో చట్టం పెట్టిన హద్దు 4 లక్షలు, అమెరికాలో 7.5 లక్షలు.

మేక దగ్గరికొస్తే ఈ లెక్క తప్పుతుంది. అసలు మేక పొదుగు పాలు వదిలే తీరే వేరు. పాలు తయారుచేసే కణాలు వాటిని బయటికి తోసేటప్పుడు తమ పై అంచులో కొంత ముక్కను కూడా తెంచి వదిలేస్తాయి. అలా రాలిన ముక్కలు మిల్లీలీటరుకు దాదాపు లక్షన్నర దాకా ఉంటాయి. సైజులో ఇవి తెల్లరక్తకణాలంతే ఉన్నా లోపల కేంద్రకం ఉండదు, అంటే డీఎన్ఏ ఉండదు. సైజు చూసి లెక్కపెట్టే యంత్రానికి ఆ తేడా తెలియదు, బియ్యపు గింజంత రాయి చాటలో బియ్యంతోపాటే మిగిలిపోయినట్టు. అందుకే మేక పాలను డీఎన్ఏను మాత్రమే గుర్తించే పద్ధతుల్లో పరీక్షించాలి. అమెరికాలో లెక్క ఎక్కువొచ్చిన మేక పాలను పైరోనిన్ వై, మిథైల్ గ్రీన్ అనే రంగులు వేసి మైక్రోస్కోపు కింద మళ్లీ లెక్కపెట్టేది ఇందుకే.

ఈ ముక్కల్ని తీసేసినా గొడవ తీరదు. ఏ జబ్బూ లేని మేక పాలలో కూడా న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు ఆవు పాలలో కన్నా చాలా ఎక్కువ. ఈతలు పెరిగేకొద్దీ, ఎదకు వచ్చినప్పుడు, పాలు తగ్గుతున్నప్పుడు వీటి సంఖ్య ఇంకా పెరుగుతుంది. ఒట్టిపోయే ముందు 10 లక్షలు దాటినా వింతేమీ కాదు. ఆవులు ఏడాది పొడుగునా ఈనుతుంటాయి కాబట్టి కొన్ని చివరి దశలో ఉన్నా కొత్తగా ఈనినవాటి పాలు కలిసి ట్యాంకులో సగటు నిలబడుతుంది. చలి దేశాల మేకలు పగళ్లు కురచైనప్పుడు అన్నీ దాదాపు ఒకేసారి ఎదకు వస్తాయి. అందుకే ఒకేసారి ఈని, ఒకేసారి ఒట్టిపోతాయి. ట్యాంకులో సగటును కాపాడే పాలే ఉండవు. అమెరికాలో మేక పాలకు అంతవరకు ఉన్న 10 లక్షల హద్దును 2009లో 15 లక్షలకు పెంచడానికి ఒప్పుకున్నారు. ఐరోపా చట్టం మేక పాలకు కణాల హద్దే పెట్టలేదు, బాక్టీరియా సంఖ్యకు మాత్రం పెట్టింది. నా ఉద్దేశంలో ఇదే తెలివైన పని.

అలాగని మేకకు పొదుగువాపు రాదనుకోకూడదు. పైకి ఏమీ కనిపించకుండా లోపల సాగే వాపుకు ఎక్కువగా కారణమయ్యేది స్టెఫైలోకోకస్ జాతి బాక్టీరియా. అందులో ఆరియస్ రకం పచ్చి ప్రమాదం. మామూలు వాపులో పొదుగు ఎర్రబడి, వేడెక్కి, ముట్టుకుంటే మేక కాలు జాడిస్తుంది. ఆరియస్ ముదిరితే కథ తిరగబడుతుంది. దాని విషం రక్తనాళాలను దెబ్బతీసి రక్తం అందకుండా చేస్తుంది. పొదుగులో జబ్బు సోకిన సగం చల్లబడి, నీలంగా మారి, స్పర్శ పోతుంది. పితికితే పాల బదులు ఎర్రటి నీళ్లు వస్తాయి. వేడి తగ్గిందని సంబరపడితే మేక చేజారినట్టే. వెంటనే పశువైద్యుణ్ణి పిలవాలి. బతికినా ఆ సగం కుళ్లి ఊడిపోవచ్చు.

ఆరియస్ పాలలో వదిలే కొన్ని విషాలు మరిగించినా పోవు. కాబట్టి తర్వాత కాచడం ఒక్కటే చాలదు, పితికిన పాలను వెంటనే చల్లబరచాలి. కాచక్కర్లేదని కాదు. మన దగ్గర మేకలను మాంసానికే ఎక్కువ పెంచుతారు, పాలు చాలావరకు పిల్లలకే వదిలేస్తారు. కానీ డెంగీ సీజన్ రాగానే ప్లేట్‌లెట్లు పెరుగుతాయంటూ మేక పాలకు ఎగబడతారు, కొందరు పచ్చివే తాగేస్తారు. ప్లేట్‌లెట్ల మాటకు గట్టి ఆధారం లేదు, పచ్చి పాలతో బ్రూసెల్లా అనే బాక్టీరియా సోకి జ్వరం వచ్చే ప్రమాదం మాత్రం నిజం. మాల్టా దీవిలో జనాన్ని నెలల తరబడి పీడించిన ఇదే జ్వరం మేక పాల నుంచే వస్తోందని 1905లో అక్కడి వైద్యుడు థెమిస్టోక్లీజ్ జమ్మిట్ పరిశోధనతో బయటపడింది. ఆ మేకలు చూడ్డానికి నిక్షేపంగా ఉండేవి.

పైకి కనపడని పొదుగువాపును పట్టడానికి పాకలోనే చేసుకోగల పరీక్ష ఒకటుంది. 1957లో కాలిఫోర్నియాలో పుట్టింది కాబట్టి కాలిఫోర్నియా మాస్టైటిస్ టెస్ట్ అనే పేరే నిలిచింది. తొలి ధారలు వదిలేసి, గిన్నెల్లాంటి గుంటలున్న పళ్లెంలో ఒక్కో చన్ను పాలు ఒక్కో గుంటలోకి కొద్దిగా తీసుకోవాలి. పాలెంతో అంతే పరీక్ష మందు కలిపి గుండ్రంగా తిప్పాలి. ఆ మందు ఒక రకం డిటర్జెంటే. అది కణాల పొరను పగలగొడితే లోపలి డీఎన్ఏ బయటపడి పాలు జిగురులా చిక్కబడతాయి. రాలిన ముక్కల్లో డీఎన్ఏ లేదు కాబట్టి అవి ఇక్కడ మోసం చేయలేవు. మందు దొరక్కపోతే బట్టలుతికే పొడిని 3 శాతం ద్రావణంగా కలిపి వాడే పద్ధతి కూడా ఉంది.

ఫలితం చదివేటప్పుడు ఆవు చార్టు పక్కన పెట్టి, రెండు చన్నుల పాలను ఒకదానితో ఒకటి పోల్చాలి. పొదుగులో రెండు సగాలకూ మధ్య దారి లేదు, ఒకదాని జబ్బు లోలోపల రెండోదానికి పాకదు. ఎద, ఈత, ఒట్టిపోవడం మాత్రం రెంటినీ సమానంగానే తాకుతాయి. రెండు గుంటల్లోనూ కొద్దిగా చిక్కబడితే, అదీ చివరి నెలల్లో అయితే, కంగారు పడక్కర్లేదు. ఒకటి నీళ్లలా ఉండి రెండోది గడ్డకడితే ఆ మేకను మందలో ఆఖరున పితకాలి, ఆ చన్ను పాలు ట్యాంకులో కలపకుండా ల్యాబుకు పంపాలి.