అంకెలు నేర్పొచ్చు, అక్షరాలు వద్దు

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్ర విద్యాబోర్డు 2023 జులైలో ఆమోదించిన చరిత్ర పాఠ్యప్రమాణాల్లోని ఒక్క వాక్యం మీద పెద్ద గొడవ రేగింది. ఒకప్పటి నల్లజాతి బానిసలు నేర్చుకున్న పనులు కొన్ని సందర్భాల్లో వాళ్ళ సొంతానికీ ఉపయోగపడ్డాయని పిల్లలకు చెప్పాలట. బానిసల్ని బాధితులుగానే చూపిస్తే వాళ్ళ నిబ్బరం మరుగున పడుతుందని సమర్థకుల వాదన. ఉదాహరణకు వాళ్ళిచ్చిన పేర్లలో తెరచాపలు చేసిన వ్యాపారి జేమ్స్ ఫోర్టెన్, ఆవిష్కర్త లూయిస్ లాటిమర్ కూడా ఉన్నారు. ఆ ఇద్దరూ ఎన్నడూ బానిసలు కారు.

ఏ విద్యను అనుమతించారో, దేన్ని నిషేధించారో నాటి చట్టాల్లోనే ఉంది. 1740లో దక్షిణ కరోలినా నిషేధించింది రాయడం నేర్పడాన్ని మాత్రమే. జరిమానా 100 పౌండ్లు. చదవడం ఊసు అందులో లేదు. బానిస తోట దాటాలంటే యజమాని రాసిచ్చిన చీటీ చూపాలి. రాయడం వస్తే ఎవరి చీటీ వాళ్ళే రాసుకుంటారు, అదీ భయం. అప్పట్లో చదవడం వేరు, రాయడం వేరు. అచ్చు చదివేవాళ్ళలో చాలామందికి చేతిరాత అర్థమయ్యేది కాదు.

ఈ లెక్క తారుమారైంది 1829లో. బోస్టన్‌లో పాత బట్టల కొట్టు నడిపే డేవిడ్ వాకర్ తిరగబడమని పిలుపునిస్తూ ఒక కరపత్రం అచ్చేసి, నావికుల చేత దక్షిణాది రేవులకు పంపాడు. డిసెంబరులో జార్జియా రేవు సవన్నాలో 60 ప్రతులు దొరికాయి. ఒకడు చదివితే పదిమంది వింటారు కాబట్టి ఇక చదవడమూ ప్రమాదమే. చదవడం నేర్పడాన్నీ నిషేధిస్తూ జార్జియా ఆ నెలలోనే చట్టం చేసింది. 1830లో లూయిసియానా, నేర్పినవాళ్ళకు నెల నుంచి ఏడాది జైలు పెట్టింది. ఇదంతా 1831 ఆగస్టులో వర్జీనియాలో నాట్ టర్నర్ అనే బానిస నడిపిన తిరుగుబాటు వల్లేనని తరచూ రాస్తుంటారు కానీ, వర్జీనియా చట్టం కూడా అంతకు ముందే, ఏప్రిల్‌లోనే వచ్చింది.

వీటిలో జాగ్రత్తగా చదవాల్సింది 1830–31 నాటి ఉత్తర కరోలినా చట్టం. బానిసకు చదువు నేర్పిన తెల్లవాళ్ళకు 100 నుంచి 200 డాలర్ల జరిమానా, లేదా జైలు. నేర్పింది బానిసే అయితే 39 కొరడా దెబ్బలు. పుస్తకం ఇచ్చినా నేరమే. మినహాయింపు ఒక్కటే: అంకెలు. కలప కొలవాలన్నా, పీపాలు లెక్కపెట్టాలన్నా యజమానికి లెక్క వచ్చిన మనిషి కావాలి మరి.

మేరీల్యాండ్‌లో ఇలాంటి చట్టం లేదు. అయినా అక్కడ బానిసగా పుట్టి, తర్వాత బానిసత్వంపై పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్ రాత నేర్చుకున్నది చాటుగానే. ఓడలు కట్టేచోట ఏ దుంగ ఏ పక్కకో తెలిసేలా వడ్రంగులు రాసే నాలుగు అక్షరాలతో మొదలుపెట్టాడు. 1836లో పారిపోవడానికి, ఈస్టర్ సెలవుల పేరుతో తనకూ తోటివాళ్ళకూ యజమాని రాసినట్టే చీటీలు రాశాడు. కుట్ర బయటపడ్డాక ఒక చీటీ పొయ్యిలోకి పోయింది, మిగతావి రొట్టెతో కలిపి మింగేశారు. రుజువు దొరకలేదు.

అతనికి చేతిపనీ వచ్చు. ఓడ పలకల సందుల్లో నార కూరి నీరు చొరకుండా చేసే పనిలో వారానికి ఆరు డాలర్లు, ఒక్కోసారి తొమ్మిది సంపాదించేవాడు. అదంతా యజమాని చేతిలో పోయాల్సిందే; ఆరు డాలర్లు తెచ్చిన వారం ఎప్పుడైనా ఆరు సెంట్లు తిరిగిచ్చేవాడు. 1838లో పారిపోయి, బానిసత్వం లేని మసాచుసెట్స్‌లోని న్యూ బెడ్‌ఫర్డ్ చేరాక అదే పనికి వెళితే, నల్లవాడి పక్కన పని చేయమని తెల్ల కార్మికులు మొరాయించారు. డగ్లస్ నూనె పీపాలు దొర్లించడం లాంటి కూలిపనులకు కుదిరాడు.