కాయ మాత్రం చిన్నదవదు

మోకాలెత్తు కూడా లేని చెట్టు. ఆకులు రెండు వేళ్ల వెడల్పు దాటవు. కొమ్మలు పుల్లల్లా సన్నగా, లెక్కకు అందనన్ని. వాటిలో ఒకదానికి పిడికిలిని మించిన పసుపుపచ్చని కాయ వేలాడుతుంటుంది. తొలిసారి చూసేవారు ఎవరో తెచ్చి కట్టారనుకుంటారు. అది ఆ చెట్టు కాసిన కాయే. జపాన్‌లో ఈ చెట్టు పేరు కరిన్, అంటే చైనా క్విన్స్. నేలలో 10 మీటర్లు దాటే చెట్టును కుండీలో అర మీటరుకు తేవచ్చు. ఆకును చిన్నది చేయవచ్చు, కణుపుల మధ్య దూరం తగ్గించవచ్చు. పువ్వు, కాయ మాత్రం దాదాపు తమ అసలు పరిమాణంలోనే వస్తాయి.

ఇలా కుండీలో పొట్టిగా మలిచే బోన్సాయ్ చెట్టు పుట్టుకతో మరుగుజ్జు కాదు. దాని గింజ నేలలో పడితే మామూలు చెట్టే అవుతుంది. కుండీలో ఆకు చిన్నదవడానికి కారణం పంపకం. ఒక్క చివరే ఉన్న కొమ్మకు వేరు పంపే నీళ్లు, పోషకాలు అన్నీ దానికే దక్కుతాయి, ఆకులు విశాలంగా విచ్చుకుంటాయి. అదే కొమ్మను ఏళ్ల తరబడి కత్తిరించి ముప్పై చివర్లు తెప్పిస్తే ఒక్కోదానికి దక్కే వాటా తగ్గుతుంది. కాయ ఈ పంపకానికి లొంగదు. పూత రాలిన కొద్ది వారాల్లోనే అందులో కణవిభజన చాలావరకు ముగుస్తుంది, ఆపైన ఆ కణాలు ఉబ్బుతూ పోతాయి. లోపల ఎదిగే గింజలు చక్కెరను తమవైపు లాగుతూనే ఉంటాయి. దగ్గరి ఆకులు చాలకపోతే దూరపు ఆకుల సంపాదన కూడా అటే పోతుంది. గుప్పెడు ఆకులున్న చెట్టుకు ఒక్క కాయ కూడా పెద్ద ఖర్చే. క్విన్స్‌ను మలచడమంటే ముందుగా ఈ జమాఖర్చు తెలుసుకోవడం.

క్విన్స్ అనే పేరుతో మూడు రకాల మొక్కలు తిరుగుతుంటాయి. కాకసస్, ఇరాన్ ప్రాంతాల అసలు క్విన్స్ సిడోనియా ఒకటి, కరిన్ రెండోది, జపాన్‌లో బోకె అని పిలిచే పూల క్విన్స్ మూడోది. మూడూ గులాబీ కుటుంబానివే, ఆపిల్‌కూ బేరికీ చుట్టాలు. సిడోనియాకు ఇంకో గుణం ఉంది. దాని వేరు మీద అంటు కడితే బేరి చెట్టు పొట్టిగా పెరుగుతుంది. యూరప్ తోటల్లో పొట్టి బేరి చెట్లకు శతాబ్దాలుగా ఆధారం ఈ వేరే.

కరిన్‌కూ బోకెకూ స్వభావంలో పొత్తు లేదు. కరిన్ చెట్టు, బోకె పొద. ఒకదాని బలం కొనలో, రెండోదాని బలం మొదలు దగ్గర. 1930లలో థీమన్, స్కూగ్ అనే శాస్త్రవేత్తలు చిక్కుడు జాతి మొక్క కొన తుంచి, ఆ చోట ఆక్సిన్ అనే పెరుగుదల హార్మోన్ పెట్టి చూశారు. కొన లేకపోయినా పక్క మొగ్గలు నిద్ర లేవలేదు. కొన పంపే ఆక్సినే వాటిని అణచి ఉంచుతుందని అలా తేలింది. కరిన్‌లో ఈ కొన పెత్తనం (అగ్రాధిక్యత) బలంగా పనిచేస్తుంది, అందుకే పై కొమ్మలను గట్టిగా, కింది కొమ్మలను తేలిగ్గా కత్తిరించాలి. బోకెలో బలమంతా మొదలు దగ్గర ఉంటుంది. ఏటా వేరు దగ్గర పిలకలు లేస్తాయి. వాటిని వదిలేస్తే పైభాగం చిక్కిపోతుంది. బోకెను ఒంటి కాండంతో నిలబెట్టాలని చూసేవారు జీవితమంతా పిలకలు పీకుతూనే ఉండాలి. నన్నడిగితే దాన్ని అయిదారు కాండాల గుబురుగానే మలచాలి. చోజుబై అనే పొట్టి రకం అలా ఎంత అందంగా కుదురుతుందో! చిట్టి ఆకులు, ఎర్రటి పూలు, అవీ ఏడాదిలో ఒకటికి రెండుసార్లు.

కరిన్‌కు లావుపాటి మొదలు కావాలంటే తొందరపడి చిన్న కుండీలో పెట్టకూడదు. కాండాన్ని లావు చేసేది బెరడు కింది కేంబియం పొర, దానికి తిండి పెట్టేది ఆకులు. అందుకే నేలలోనో పెద్ద తొట్టిలోనో ఉంచి, కింద ఒక కొమ్మను కొన్నేళ్లు ఇష్టమొచ్చినట్టు పెరగనిస్తారు. అది మొదలును లావెక్కించి తన పని ముగించాక కోసేస్తారు. వయసు వచ్చిన కరిన్ కాండం మీద కండల్లాంటి గాడులు తేలతాయి. జామ చెట్టుకు ఊడినట్టే బెరడు పెచ్చులుగా ఊడి, కింద ఆకుపచ్చ, లేత గోధుమ రంగు మచ్చలు బయటపడతాయి. ఈ పెచ్చులను గోరుతో లేపకండి. లోపల కొత్త బెండు పొర సిద్ధమయ్యాక అవే రాలతాయి.

లోహపు తీగ చుట్టి వంచే పని లేత కొమ్మలకే. వంచిన కొమ్మ ఆ భంగిమలో నిలిచేది తీగ వల్ల కాదు, ఆ తర్వాత కేంబియం వేసే కొత్త చెక్క వల్ల. ముదిరిన క్విన్స్ కొమ్మ వంగదు, విరుగుతుంది.

నీటి విషయంలో చాలామంది పొరబడతారు. లోతులేని కుండీ త్వరగా ఆరుతుందని మెత్తటి మట్టి నింపుతారు. తడి స్పాంజిని అడ్డంగా పట్టుకోండి, కాసేపటికి కారడం ఆగుతుంది. దాన్నే నిలువుగా తిప్పితే మళ్లీ నీళ్లు కారతాయి. కుండీలోనూ అంతే. నీళ్లు పోయడం ఆపాక అడుగున ఒక తడి పొర మిగులుతుంది. దాని మందం రేణువుల సైజు మీద ఆధారపడుతుంది, కుండీ లోతు మీద కాదు. లోతైన కుండీలో ఆ పొర కింద ఎక్కడో ఉంటుంది, పళ్లెం లాంటి కుండీలో వేర్లన్నీ అందులోనే మునుగుతాయి. గాలి అందక కుళ్లుతాయి. జల్లించిన ముతక రేణువులు వాడేది అందుకే. వాటితో ఆ పొర పలచనవుతుంది. అయితే కాయ ఉన్న వేసవిలో రోజుకు రెండుసార్లు కూడా నీళ్లు పోయాల్సి రావచ్చు.

కుండీ మార్చడం ఎక్కువ చెట్లకు వసంతం ముందు జరుగుతుంది, బోకెకు మాత్రం జపాన్‌లో శరదృతువును ఎంచుకుంటారు. కుండీ మార్చేటప్పుడు కోసిన వేరు గాయంలోంచి ఆగ్రోబ్యాక్టీరియం అనే సూక్ష్మజీవి దూరి, తన డిఎన్ఎలో ఒక ముక్కను మొక్క కణంలో చేరుస్తుంది. ఆ కణం ఆక్సిన్, సైటోకైనిన్ అనే హార్మోన్లను అదుపు లేకుండా తయారుచేసి కణితిగా ఉబ్బుతుంది. చలి పడే కాలంలో ఈ ముప్పు తక్కువ. మరో ముప్పు పక్క కుండీలోనే ఉండవచ్చు. క్విన్స్‌కు వచ్చే తుప్పు తెగులు శిలీంధ్రం చలికాలమంతా జునిపర్ అనే సూదిమొన ఆకుల చెట్టు మీద గడిపి, వసంతపు వానల్లో నారింజ రంగు జిగురులా ఉబ్బి, అక్కడి నుంచి గాలిలో ఆకుల మీదికి వస్తుంది. బోన్సాయ్ పెంచేవారికి జునిపర్ అంటే ప్రాణం. రెంటినీ పెంచవచ్చు, పక్కపక్కన మాత్రం వద్దు.

కత్తెర పట్టే ముందు పూమొగ్గ ఎక్కడుందో చూడాలి. బోకె పూలు ఆకులకంటే ముందే పాత కొమ్మల మీద పూస్తాయి, గుండ్రటి మొగ్గలు ఆకు రాలే నాటికే కనిపిస్తాయి. సిడోనియా పువ్వు వసంతంలో వచ్చే పొట్టి రెమ్మ చివర ఒంటరిగా పూస్తుంది. చలికాలంలో అన్ని కొసలూ సమంగా కత్తిరిస్తే ఆ ఏటి పూత చాలావరకు పోయినట్టే.

పూత నిలిచి పిందెలు పడ్డాక అసలు నిర్ణయం. ఆపిల్‌లో ఎదిగే గింజలు విడుదల చేసే జిబ్బరెల్లిన్లు అనే హార్మోన్లు వచ్చే ఏటి పూమొగ్గలను అడ్డుకుంటాయి. విరగకాసిన చెట్టు మరుసటేడు ముఖం చాటేయడానికి అదొక కారణం. క్విన్స్ పిందెలనూ గోలీ సైజులో ఉన్నప్పుడే తుంచేయాలి. అర మీటరు చెట్టుకు ఒక్కటి చాలు. అది సన్నటి కొస మీద కాకుండా కాండానికి దగ్గరగా, బలమైన కొమ్మ మీద ఉండాలి. చలి ముదిరేలోపు దాన్ని కోసేయండి. గదిలో పెడితే వారాల తరబడి పరిమళిస్తుంది. మరుసటి ఏడు పూలు చూసి, పిందెలన్నీ తీసేయండి.