ఒకటికి రెండు, రెండుకు మూడు: సేఫ్టీ ఇంటర్‌లాకుల వెనుక కథ

జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం ప్రాంతాల బల్క్ డ్రగ్ కర్మాగారాలకు ఇంటర్‌లాకులు, అంటే ప్రమాదం రాగానే ప్లాంటును తమంతట తామే ఆపే రక్షణ ఏర్పాట్లు, డిజైన్ చేసే హైదరాబాద్ ఆఫీసుల్లో, స్పెసిఫికేషన్ పత్రాలు నింపేటప్పుడు ఒక గడి ఎదురవుతుంది. దాని పేరు హార్డ్‌వేర్ ఫాల్ట్ టాలరెన్స్. అందులో రాయవలసింది ఒక్క అంకె. సున్నా అని రాస్తే ఒక్క ప్రమాదకరమైన లోపంతోనే రక్షణ పోవచ్చునని అర్థం; ఒకటి అని రాస్తే ఒక లోపం వచ్చినా రక్షణ నిలుస్తుందని, రెండోదీ తోడైతేనే పోవచ్చునని అర్థం. ఈ అంకెను చాలామంది కొనవలసిన పరికరాల లెక్కగానే చూస్తున్నారు. నిజానికి అది పుట్టింది లెక్కల మీద ఉన్న అపనమ్మకం నుంచి, ఆ సంగతి తెలియాలంటే కొంత వెనక్కి వెళ్లాలి.

నమ్మరాని భాగాలతో నమ్మదగిన యంత్రాన్ని కట్టవచ్చా అన్న ప్రశ్నకు గణిత శాస్త్రవేత్త జాన్ వాన్ న్యూమన్ 1952లో ఇచ్చిన ఉపన్యాసాల్లో గణిత రూపంలో జవాబు చెప్పాడు. అవి 1956లో అచ్చయ్యాయి. ఒకే పనిని పలు భాగాలకు అప్పగించి, మెజారిటీ ఏది చెబితే దాన్ని స్వీకరించడం అందులోని కీలకం. ఇంచుమించు అదే కాలంలో ప్రాగ్‌లో ఆంటోనిన్ స్వొబొదా బృందం సాపో అనే రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) కంప్యూటర్‌ను మూడు గణన విభాగాలతో నిర్మించి, వాటి ఫలితాల మధ్య ఓటింగ్ పెట్టింది. చంద్రుడి మీదికి మనుషులను పంపిన శాటర్న్ 5 రాకెట్ కంప్యూటర్‌లోనూ తర్కం మూడు ప్రతులుగా ఉండేది. అయితే ఈ యంత్రాల లక్ష్యం పని ఆగకుండా సాగడం. కర్మాగారంలో అవసరం దీనికి దాదాపు తలకిందులు: అక్కడ ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు పని ఆగి తీరాలి.

ఆపడానికి ఓటింగ్‌ను వాడుకున్నది అణు రియాక్టర్ల వారు. 1952 డిసెంబర్ 12న కెనడాలోని చాక్ రివర్‌లో ఎన్‌ఆర్‌ఎక్స్ రియాక్టర్‌లో ప్రమాదం జరిగినప్పుడు, ఆపవలసిన కడ్డీల్లో కొన్ని లోపలికి దిగలేదు. రియాక్టర్‌ను నడిపే వ్యవస్థ, ఆపే వ్యవస్థ వేర్వేరుగా ఉండాలన్న పట్టుదల కెనడా డిజైన్లలో ఆ అనుభవంతో బలపడింది. దానితోపాటు మూడు ఛానళ్లు (కొలిచి హెచ్చరించే విడివిడి మార్గాలు) పెట్టి, ఏ రెండు చెప్పినా ఆపే పద్ధతి స్థిరపడింది. ఒక ఛానల్ పాడై ఊరికే అరిస్తే రియాక్టర్ ఆగదు, ఒకటి మూగబోయినా రక్షణ పోదు. పైగా రియాక్టర్ నడుస్తుండగానే ఒక్కో ఛానల్‌ను విడిగా పరీక్షించుకోవచ్చు. ఆ కెనడా సంప్రదాయమే రాజస్థాన్ అణు విద్యుత్ కేంద్రం ద్వారా మన దేశానికి వచ్చింది. దేశీయ రియాక్టర్లకు నియంత్రణ పరికరాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ ఈసీఐఎల్ 1967 నుంచి హైదరాబాద్‌లోనే ఉంది కాబట్టి, మూడింట రెండు అన్న మాట ఈ నగరంలో ఫార్మా కంపెనీల కంటే ముందే కుషాయిగూడ వైపు వినిపించింది.

రసాయన కర్మాగారాలకు చాలాకాలం ఈ తలనొప్పి అవసరం పడలేదు, ఎందుకంటే అక్కడ రిలేలు ఉండేవి. మంచి రిలే పాడైతే చాలావరకు ఒకే వైపు పాడవుతుంది: కరెంటు పోగానే స్ప్రింగు కాంటాక్టును వెనక్కి లాగుతుంది, సాలినాయిడ్‌కు (వాల్వును కదిలించే విద్యుదయస్కాంతానికి) కరెంటు ఆగుతుంది, వాల్వు మూసుకుంటుంది. తీగ తెగినా ప్లాంటు ఆగుతుంది. అసలు చిక్కు ట్రాన్సిస్టర్లతో, ఆ తర్వాత మైక్రోప్రాసెసర్లతో వచ్చింది. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్ట్ అయితే ఆన్ స్థితిలోనే బిగుసుకుపోవచ్చు. మామూలుగా నడుస్తున్నప్పుడూ అది ఆన్‌లోనే ఉంటుంది కనుక, ఆ లోపం ట్రిప్ (ప్లాంటును ఆపడం) అవసరమైన రోజు దాకా బయటపడదు. దీన్ని ఎదుర్కోవడానికి జర్మనీలో హిమా వంటి సంస్థలు తమంతట తామే సురక్షిత స్థితికి పడిపోయే సర్క్యూట్లను ఎంచుకున్నాయి. అమెరికాలో ట్రైకోనెక్స్ 1980లలో మూడు ప్రాసెసర్లు ఓటు వేసుకునే కంట్రోలర్‌ను పరిశ్రమకు ఇచ్చింది.

నియమాలు ఈ యంత్రాల వెనక వచ్చాయి. 1974లో ఫ్లిక్స్‌బరో, 1976లో సెవెసో, 1984లో భోపాల్ పరిశ్రమల భద్రతను ప్రభుత్వాల బల్లమీదికి తెచ్చాయి. వీటిలో ఏదీ ఓటింగ్ లేకపోవడం వల్ల జరిగింది కాదు, ఆ మాట చెప్పకుండా వాటిని ఉదహరించడం సరికాదు. బ్రిటన్ భద్రతా సంస్థ ప్రోగ్రామబుల్ వ్యవస్థలకు 1987లో మార్గదర్శకాలు ఇచ్చింది, అమెరికాలో 1996లో ఒక ప్రమాణం వచ్చింది, 1998 నుంచి 2000 మధ్య భాగాలుగా వెలువడిన ఐఈసీ (అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్) ప్రమాణం 61508 వీటన్నిటికీ ఒక అంతర్జాతీయ చట్రం ఇచ్చింది. ప్రాసెస్ పరిశ్రమలకు దాని అనువర్తనమైన ఐఈసీ 61511 మొదటి కూర్పు 2003లోను, రెండోది 2016లోను వచ్చాయి.

ఈ ప్రమాణాలు రెండు పరీక్షలు పెట్టాయి. మొదటిది సంభావ్యత: సిల్ (సేఫ్టీ ఇంటెగ్రిటీ లెవెల్) అనే రక్షణ స్థాయిల్లో మూడోది, అంటే సిల్ 3 కావాలంటే, అవసరమైనప్పుడు రక్షణ పనిచేయకపోయే సగటు సంభావ్యత వెయ్యిలో ఒకటి కంటే తక్కువ ఉండాలి. రెండోది, ఆ లెక్క ఎంత అందంగా వచ్చినా, కనీస ఫాల్ట్ టాలరెన్స్ ఉండి తీరాలన్న షరతు. పరికరాల వైఫల్య రేట్లు తరచు ఆశావహంగా ఉంటాయని, ఒంటరి పరికరం మీద కూడా ఆ అంకెలతో సిల్ 3 నిరూపించగలరని కమిటీలకు తెలుసు. రెండో షరతు ఆ భయానికి విరుగుడు. 61508 దీన్ని సురక్షిత వైఫల్యాల శాతానికి, అంటే మొత్తం లోపాల్లో సురక్షిత వైపు పడేవీ వెంటనే బయటపడేవీ ఎంత అన్నదానికి, ముడిపెట్టింది. ఉత్తి తప్పుడు ట్రిప్పులు ఎక్కువ ఇచ్చే పరికరానికి ఈ పద్ధతిలో ఎక్కువ మార్కులు పడతాయన్న విమర్శ న్యాయమైనదే. 2016 నాటి 61511 ఆ శాతాన్ని పక్కనపెట్టి, సిల్ 3కి ఒకటి, సిల్ 4కి రెండు అని నేరుగా చెప్పింది.

అంకె ఒకటే అయినా రక్షణ ఒకటి కాదు. ఏభై ఏళ్లకు ఒకసారి ప్రమాదకరంగా పాడయ్యే ట్రాన్స్‌మిటర్‌ను (ప్రెషర్ వంటిదాన్ని కొలిచి పంపే పరికరాన్ని) ఏడాదికోసారి పరీక్షిస్తామనుకుందాం. ఒక్కటే ఉంటే వైఫల్య సంభావ్యత సుమారు 0.01. రెండు పెట్టి ఏ ఒక్కటి చెప్పినా ఆపితే సుమారు 0.00013. మూడు పెట్టి రెండు చెబితే ఆపితే 0.0004. రెండు అమరికలకూ ఫాల్ట్ టాలరెన్స్ ఒకటే, కానీ మూడు పరికరాలది రక్షణలో మూడు రెట్లు వెనకబాటు. మూడోది కొన్నది తప్పుడు ట్రిప్పులు తప్పించుకోవడానికే. ఇక లోపాల్లో పదో వంతు ఉమ్మడి కారణంతో అన్నిటినీ ఒకేసారి దెబ్బతీస్తుందంటే, ఆ ఒక్క పద్దే 0.001 అవుతుంది, మిగతా లెక్కంతా దాని ముందు చిన్నబోతుంది.

ఉమ్మడి కారణం ఎంత దూరం వెళ్లగలదో 2017లో సౌదీ అరేబియాలో తెలిసింది. ట్రైటన్ అన్న దుష్ట సాఫ్ట్‌వేర్ అక్కడి ఒక ప్లాంటులోని ట్రైకోనెక్స్ కంట్రోలర్లలోకి చొరబడింది. మూడు ప్రాసెసర్లు హార్డ్‌వేర్ లోపాన్ని తట్టుకోగలవు. మూడింటికీ ఒకే చెడు ప్రోగ్రాం అందితే మూడూ దానికే ఓటు వేస్తాయి. అయితే ఆ రోజు ప్రాసెసర్ల మధ్య కోడ్ సరిపోలే తనిఖీ విఫలమై ప్లాంటు ఆగింది, చొరబాటు బయటపడిందీ దానివల్లనే.

మన దగ్గర ఇంతకంటే సాదా రూపంలోనే అది కనిపిస్తుంది. నగర శివార్లలోని ఒక యూనిట్ డ్రాయింగుల సమీక్షలో నేను చూసిన రసాయన రియాక్టర్‌కు మూడు ప్రెషర్ ట్రాన్స్‌మిటర్లు, మూడింట రెండు ఓటింగ్, గడిలో ఒకటి అన్న అంకె ఉన్నాయి. మూడూ ఒకే నాజిల్ (రియాక్టర్‌కు ఉండే గొట్టపు మూతి) నుంచి, ఒకే ఐసొలేషన్ వాల్వు తర్వాత చీలిన గొట్టాలకు బిగించి ఉన్నాయి. రియాక్టర్‌లోని పదార్థం చల్లారితే గడ్డకట్టే రకం. నాజిల్ పూడితే మూడు ట్రాన్స్‌మిటర్లూ ఏకగ్రీవంగా పాత ప్రెషరే చూపిస్తాయి. రియాక్టర్ మూత మీద ఖాళీగా ఉన్నది ఇంకొక్క నాజిలే. మూడింటిని రెండు నాజిళ్లకు పంచితే రెండు మళ్లీ ఒకేచోట పడతాయి కాబట్టి, మూడోదాన్ని తీసేసి, నాజిల్‌కు ఒకటి చొప్పున రెండే ఉంచి, ఏ ఒక్కటి చెప్పినా ఆపేలా మార్చాలని తేల్చాం. తప్పుడు ట్రిప్పులు పెరుగుతాయని ప్రొడక్షన్ వారు అభ్యంతరం చెప్పారు, అది నిజం కూడా. సవరించిన పత్రంలో ఫాల్ట్ టాలరెన్స్ గడిని మాత్రం ఎవరూ ముట్టుకోవలసిన అవసరం రాలేదు. అందులో అంతకుముందు ఉన్న ఒకటే ఇప్పుడూ ఉంది.