పదకొండింటికి నహారీ దొరకదు: హైదరాబాద్ తిండి, మార్కెట్లు, బార్ల గురించి అపోహలు - వాస్తవాలు

నిన్న కూడా అదే ఫోన్. "రేపు హోటల్లో టిఫిన్ చేసేసి పదకొండుకల్లా చార్మినార్ దగ్గరికి వచ్చేస్తామండీ. నహారీ, పాయా తినిపిస్తారా?" రెండూ పొట్టేలు కాళ్ళతో వండే పొద్దుటి పులుసులు. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళను పాతబస్తీ, మోజంజాహీ మార్కెట్, సికింద్రాబాద్ తిప్పి తినిపించడం పన్నెండేళ్ళుగా నా పని. ఈ పన్నెండేళ్ళలో ఎక్కువసార్లు చెప్పిన మాట ఒక్కటే: పదకొండింటికి నహారీ ఉండదు.

అపోహ: పేరున్న చోటైతే చాలు, ఎప్పుడెళ్ళినా ఒకటే.

వాస్తవం: జనాన్ని అన్నిటికంటే ఎక్కువ నష్టపరిచేది ఈ నమ్మకమే. టికెట్లకీ రూముకీ క్యాబ్‌లకీ వేలకు వేలు పోసి వస్తారు. వేళ తప్పి వెళ్ళి, చల్లారింది తిని, "హైదరాబాద్ అంతా ఉత్త హైప్" అనుకుంటూ రైలెక్కుతారు. తప్పు ఆ హోటల్‌దీ కాదు, మీ నాలుకదీ కాదు. వీడియోలు చేసేవాళ్ళు ఏ గల్లీలోకి వెళ్ళాలో చెప్తారు, ఎన్ని గంటలకు వెళ్ళాలో చెప్పరు. వాట్సాప్‌లో తిరిగే 'తప్పక తినాల్సిన పాతిక చోట్లు' లిస్టులూ అంతే. వాటిని నమ్ముకొని వచ్చినవాళ్ళ మొహాలు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

నహారీ అన్న పేరే 'నహార్' అనే అరబీ మాట నుంచి వచ్చింది. పగలు, పొద్దు అని అర్థం. పొట్టేలు కాళ్ళు, నాలుక రాత్రంతా సన్నని సెగ మీద ఉడుకుతాయి. మసాలా దినుసులను గుడ్డలో మూటగట్టి అందులోనే వేస్తారు, దాన్నే పోట్లీ కా మసాలా అంటారు. తెల్లవారుజామున మూత తీస్తారు. ఫజర్ నమాజ్ చేసుకొని వచ్చేవాళ్ళు, సరుకు దించిన హమాలీలు, నైట్ డ్యూటీ దిగిన ఆటోవాళ్ళు తింటారు. అయిపోతే అయిపోయినట్టే. మళ్ళీ వండాలంటే మళ్ళీ ఒక రాత్రి కావాలి.

ఒకసారి కాకినాడ నుంచి రిటైర్డ్ లెక్కల మాస్టారు ఒకాయన కూతురితో వచ్చారు. కుర్రతనంలో ఏదో ట్రైనింగ్ కోసం ఇక్కడ నాలుగు నెలలున్నారట. ఛత్తా బజార్ వైపు పొద్దున్నే తిన్న నహారీ ఆయనకు గుర్తుండిపోయింది. ఐదున్నరకు రమ్మని చెప్పాను. నాన్నగారికి నిద్ర చాలకపోతే బీపీ పెరుగుతుందని ఆ అమ్మాయి భయపడి పదిన్నరకు తీసుకొచ్చింది. అప్పటికే గిన్నె తోమి, గోడ పక్కన బోర్లించేశారు. మాస్టారు ఆ గిన్నె వంకే కాసేపు చూసి, "పోన్లే అమ్మా, బిర్యానీ తిందాం" అన్నారు. ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"రైలెప్పుడండీ?" అని అడిగాను. మర్నాడు రాత్రి గౌతమికట. "అయితే రేపు ఐదుంబావుకు నేనే హోటల్ కింద ఉంటాను" అన్నాను.

మర్నాడు మేం వెళ్ళేసరికి ఆవిరి పొగలు బయటిదాకా వస్తున్నాయి. పైన తేలే ఎర్రటి నూనెను గరిటెతో పక్కకు నెట్టి, కింద నుంచి తీసి పోశాడు వడ్డించే అతను. మాస్టారు నాన్ తుంచి, ముంచి, నోట్లో పెట్టుకున్నారు. రెండో ముక్క తిన్నాక కూతురి వైపు తిరిగి, "ఇదేనమ్మా. పెదాలు అంటుకుంటున్నాయి చూడు" అన్నారు. కాళ్ళ ఎముకల్లోని జిగురంతా పులుసులోకి దిగితేనే అలా అంటుకుంటాయి. అందుకే రాత్రంతా పొయ్యి మీద ఉండాలి.

మిగతావాటికీ వేళలున్నాయి. కచ్చీ బిర్యానీ వండే పెద్ద గిన్నెను దేగ్ అంటారు, దానికి పిండితో సీలు వేసి దమ్ పెడతారు. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి ఒంటిగంటన్నర మధ్య, మళ్ళీ రాత్రి ఏడున్నర ప్రాంతంలో వెళ్తే కొత్తగా తెరిచిన దేగ్ దొరుకుతుంది. సాయంత్రం నాలుగుకు వెళ్తే అడుగున మిగిలిందే దిక్కు. రామ్ కీ బండీ అనే టిఫిన్ బండి పేరు తెచ్చుకున్నది తెల్లవారుజామున పెనం మీద వెన్న వేసి పోసిన దోశలతో. పట్టపగలు ఏదో మాల్‌లో ఓ బటర్ దోశ తిని ఇంతేనా అనుకోకండి. పురానీ హవేలీ దగ్గర 1851లో మొదలైన మున్షీ నాన్ వాళ్ళ దుకాణంలో నాలుగు మూలల నాన్ తందూర్ నుంచి తీస్తుండగానే కొని అక్కడే తుంచుకోవాలి. పార్సిల్ కట్టించుకొని రూముకు పోతే తోలులా సాగుతుంది.

హలీమ్ సంగతి ఇంకా ముఖ్యం. ఏడాది పొడవునా అమ్మే చోట్లున్నాయి, కాదనను. కానీ ఇటుకలూ మట్టితో కట్టిన భట్టీ మీద గోధుమలు, మటన్ గంటల తరబడి ఉడుకుతుంటే ఇద్దరు మనుషులు కర్ర ఘోట్నీలతో దంచే హలీమ్ కావాలంటే రంజాన్‌లోనే రావాలి. రంజాన్ ఏటా దాదాపు 11 రోజులు ముందే వస్తుంది. పోయినేడు తేదీలు చూసుకొని టికెట్లు బుక్ చేసుకోవద్దు, దయచేసి.

పొద్దున ఐదింటికి పాతబస్తీకా అని చాలామంది టెన్షన్ పడతారు, ఒంటరిగా వచ్చే ఆడవాళ్ళు మరీ. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ ఆ వేళ చార్మినార్ చుట్టూ నమాజ్ నుంచి వచ్చేవాళ్ళుంటారు, చాయ్ హోటళ్ళు తెరిచి ఉంటాయి, పావురాలకు గింజలు వేసేవాళ్ళుంటారు. క్యాబ్‌ను చార్మినార్ దాకా రానిచ్చి అక్కడ దిగండి. హోటల్లో ఫ్యామిలీ సెక్షన్ ఎటు అని అడగండి, చూపిస్తారు. నేను తీసుకెళ్ళిన ఆడవాళ్ళలో చాలామంది రెండోసారి వాళ్ళంతట వాళ్ళే వెళ్ళొచ్చారు.

అపోహ: మార్కెట్ అంటే రోజూ ఉంటుంది.

వాస్తవం: బేగంబజార్‌లో మసాలాలు, డ్రైఫ్రూట్స్ కొనాలని ఆదివారం వెళ్తే ఎక్కువ భాగం షట్టర్లే కనిపిస్తాయి. రాంనగర్ చేపల మార్కెట్‌కి మాత్రం ఆదివారం పొద్దున్నే వెళ్ళాలి. మృగశిర కార్తె రోజైతే అక్కడ కాలు పెట్టడానికి చోటుండదు. కొత్తపేట పండ్ల మార్కెట్ చూడాలని ఇప్పటికీ అడుగుతారు. అది ఊరి బయట బాటసింగారానికి ఎప్పుడో తరలిపోయింది. 1935లో కట్టిన మోజంజాహీ మార్కెట్‌కు సాయంత్రం రండి. రాతి కమానుల కింద కూర్చొని పండ్ల ఐస్‌క్రీమ్ తినండి. ఎండాకాలమైతే మామిడి, దసరా దీపావళి రోజుల్లో సీతాఫలం.

అపోహ: పాతబస్తీలో శాకాహారులకు ఏమీ దొరకదు.

వాస్తవం: దొరుకుతుంది. గుల్జార్ హౌజ్ పక్క గల్లీలో పొద్దున దోశ బండి దగ్గర నిలబడండి చాలు.

అపోహ: మంచి బార్ అంటే జూబ్లీహిల్స్ పబ్బే.

వాస్తవం: పాటల కోసమైతే వెళ్ళండి. తిండి కోసమైతే అబిడ్స్, హిమాయత్‌నగర్, సికింద్రాబాద్‌లోని పాత బార్ అండ్ రెస్టారెంట్లు చూడండి. నేను చూసే గుర్తు ఒక్కటే. కౌంటర్ దగ్గర తాగనివాళ్ళు, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు బిర్యానీ, అపోలో ఫిష్ పార్సిల్ కోసం నిలబడి ఉంటే ఆ వంటగదిని నమ్మొచ్చు. తెలంగాణలో 21 ఏళ్ళు నిండనివాళ్ళకు మందు అమ్మకూడదు, కాబట్టి కుర్రాళ్ళు ఐడీ కార్డు జేబులో పెట్టుకోండి.

అపోహ: కల్లు సహజమైనది, సిటీలో ఏ కాంపౌండ్‌లో (కల్లు దుకాణంలో) తాగినా ఏం కాదు.

వాస్తవం: ఊళ్ళో మీ కళ్ళముందు చెట్టు దించిన కల్లు వేరు, సిటీ కాంపౌండ్ కల్లు వేరు. మత్తు కోసం అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలిపి దొరికిన కేసులు ఎన్నో. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. 'లోకల్ అనుభవం' కోసం అడిగినవాళ్ళను నేను ఎవరినీ తీసుకెళ్ళలేదు, తీసుకెళ్ళను.

అపోహ: పండగ రోజుల్లో వస్తే బార్లు ఇంకా జోరుగా ఉంటాయి.

వాస్తవం: జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2 అందరికీ తెలిసినవే. ఇక్కడ గణేశ్ నిమజ్జనానికీ, బోనాలకు ఆయా ఏరియాల్లోనూ పోలీసుల ఆర్డర్‌తో మూసేస్తారు. ఒకసారి బెంగళూరు నుంచి నలుగురు కుర్రాళ్ళు సరిగ్గా నిమజ్జనం రోజున దిగి, ఇప్పుడేం చేయాలన్నా అని అడిగారు. మోజంజాహీ మార్కెట్ చౌరస్తాకు తీసుకెళ్ళాను. ఊరేగింపులన్నీ కలిసేది అక్కడే. రోడ్డు పక్క టేబుల్ వేసి పులిహోర పంచుతుంటే లైన్లో నిలబడ్డారు. విస్తరాకు దొప్పల్లో వేడి వేడి పులిహోర, పైన నాలుగు పల్లీలు. రెండోసారి కూడా లైన్లో నిలబడ్డారు.