జడ్జిది ఏ రాష్ట్రం అనే ప్రశ్న ఎక్కడ మొదలైంది?

సరిహద్దు నీళ్ల కేసు కోర్టులో కదిలినప్పుడల్లా ‘ఆ జడ్జి తప్పుకోవాలి’ అనే మాట మళ్లీ లేస్తోంది. మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా ధర్మాబాద్, బిలోలి వైపు తెలుగువాళ్లకు ఇది టీవీలో చూసి వదిలేసే గొడవ కాదు. తన తగవుకు తానే తీర్పరి కాకూడదన్న సూత్రం అందరికీ తెలుసు. చర్చ పక్కదారి పట్టింది మాత్రం 2022 జనవరి 10న.

ఆ రోజు కృష్ణా జలాల కేసు నుంచి సుప్రీంకోర్టు న్యాయమూర్తులు జస్టిస్ డి.వై. చంద్రచూడ్, జస్టిస్ ఎ.ఎస్. బోపన్న తప్పుకున్నారు. ఒకరిది మహారాష్ట్ర, మరొకరిది కర్ణాటక. రెండూ ఆ వివాదంలో ఉన్న రాష్ట్రాలే. ఎవరూ వేలెత్తి చూపకూడదని తప్పుకోవడం గౌరవించదగ్గదే. కానీ పుట్టిన రాష్ట్రమే అనుమానానికి చాలు అన్న అభిప్రాయం దాంతో పాతుకుపోయింది.

అంతకు ఐదు నెలల ముందు, 2021 ఆగస్టులో, తెలంగాణపై ఆంధ్రప్రదేశ్ వేసిన కృష్ణా నీళ్ల కేసులో ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ తాను రెండు రాష్ట్రాలకూ చెందినవాడినన్నారు. మధ్యవర్తిత్వంతో తేల్చుకోమన్నారు. ఆంధ్రప్రదేశ్ విచారణే కావాలనడంతో కేసు వేరే బెంచికి వెళ్లింది. రెండు రాష్ట్రాలకూ చెందడమే అడ్డంకి అయితే ధర్మాబాద్ మనిషి సంగతేమిటి? పొలం పత్రం సాత్‌బారా మరాఠీలో, ఇంట్లో మాట తెలుగులో, బిడ్డనిచ్చింది సరిహద్దు అవతల తెలంగాణలోని బాసర వైపు. 1956 దాకా ఈ రెండు వైపులూ హైదరాబాద్ రాష్ట్రమే.

బాబ్లీ కేసు చూడండి. ధర్మాబాద్ తాలూకాలో గోదావరిపై మహారాష్ట్ర కట్టిన ఆ బ్యారేజీపై ఆంధ్రప్రదేశ్ 2006లో సుప్రీంకోర్టుకెళ్లింది. 2013 ఫిబ్రవరి 28న తీర్పిచ్చిన ముగ్గురిలో జస్టిస్ ఆర్.ఎం. లోధా గతంలో ఏళ్ల తరబడి బొంబాయి హైకోర్టు న్యాయమూర్తి. అయినా తీర్పు నిలిచింది. జూలై 1 నుంచి అక్టోబర్ 28 దాకా గేట్లు ఎత్తే ఉంచాలి, మార్చి 1న 0.6 టీఎంసీ కిందికి వదలాలి. రెండు వైపుల రైతులూ ఆ లెక్కతోనే బతుకుతున్నారు.

చూడాల్సింది ఊరు కాదు, నడత. 1987లో రంజిత్ ఠాకూర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది అదే. ఒక జవాను ఏ అధికారిపై ఫిర్యాదు చేశాడో ఆ అధికారే అతని సైనిక విచారణలో కూర్చున్నాడు. నాలో పక్షపాతం లేదని తీర్పు చెప్పేవాడు అనుకుంటే చాలదు, ఎదుట నిలబడ్డవాడి మనసులో సహేతుకమైన భయం ఉందా అని చూడాలని కోర్టు తేల్చింది.

తెలంగాణలో 2024లో జరిగిందీ ఈ కోవలోనిదే. కేసీఆర్ హయాంలోని విద్యుత్ కొనుగోళ్లపై విచారణ కమిషన్ చైర్మన్ జస్టిస్ ఎల్. నరసింహారెడ్డి విచారణ ముగియకముందే ప్రెస్‌మీట్ పెట్టి మాట్లాడారు. కేసీఆర్ అభ్యంతరం చెప్పారు. జూలై 1న హైకోర్టు ఆయన పిటిషన్ కొట్టేసింది. జూలై 16న సుప్రీంకోర్టు ఆ ప్రెస్‌మీట్‌ను తప్పుపట్టడంతో చైర్మన్ తప్పుకున్నారు. ఇద్దరిదీ ఒకే రాష్ట్రం. అనుమానం వచ్చింది నోటి మాట వల్ల.

నిజంగా అనుమానం కలిగిన సామాన్యుడికి మాత్రం దారి ఇరుకు. కేసు ఇంకో జడ్జికి మార్చమని సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 24 కింద నాందేడ్ జిల్లా జడ్జినో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచినో అడగాలి. తెలంగాణకు మార్చాలంటే సెక్షన్ 25 కింద ఢిల్లీలోని సుప్రీంకోర్టు దాకా పోవాలి. పిటిషన్ కొట్టేస్తే మళ్లీ అదే జడ్జి ముందు పేషీ. ఆ టెన్షన్‌తోనే చాలామంది నోరు మెదపరు. జరిమానా భయం వేరే. 2021 జూలైలో కలకత్తా హైకోర్టు జడ్జి జస్టిస్ కౌశిక్ చందా కేసు నుంచి తప్పుకుంటూనే మమతా బెనర్జీకి 5 లక్షల రూపాయలు వేశారు. ముఖ్యమంత్రి కట్టుకోగలరు, రెండెకరాల రైతు కట్టుకోలేడు.

2015లో జడ్జీల నియామకాల కేసులో, తప్పుకునే జడ్జి కారణం చెప్పాలని జస్టిస్ కురియన్ జోసెఫ్ అన్నారు, దీనికి నియమాలు ఉండాలని జస్టిస్ మదన్ లోకూర్ అన్నారు. నరసింహారెడ్డి స్థానంలో 2024లో వచ్చింది ఈ లోకూరే. ఆ నియమాలు మాత్రం ఇంకా రాలేదు.